పిట్ట కోసం వేసిన మాటులో పెద్దవ్వ

నా ఉద్యోగం ఆసిఫాబాద్‌లో. ఎండాకాలం సెలవు దొరికితే మాత్రం మెట్‌పల్లి పక్కనున్న మా చేనుకే పోతాను. అక్కడ బావి దగ్గర ఒక మామిడిచెట్టు, దాని కింద చిన్న నీటిగుంట. ఎండలు ముదిరితే పిట్టలన్నీ ఆ నీళ్లకే వస్తాయి. గుంటకు ఎదురుగా కర్రలు పాతి, నర్సరీల్లో కప్పే పచ్చవల చుట్టి, పైన ఎండుగడ్డి పరిచి నేనొక గుడారం కట్టుకున్నాను. లోపల పీట వేసుకుని, వలకు కోసిన కంతలోంచి కెమెరా మూతి బయటికి పెట్టి, మాటు వేసిన పులిలా కూర్చుంటాను. అయితే ఈ పులి దోమ కుట్టినా చెయ్యి విసరకూడదు.

ఆ చెట్టంటే మా బాపుకు ప్రాణం. తాను చెప్పేదాకా ఒక్క కాయ తెంపనివ్వడు.

ఆ పొద్దున నేను చూస్తున్నది తోక పికిలిపిట్ట కోసం. మగదానికి ఒళ్లంతా తెలుపు, తల నలుపు, తోక మాత్రం రెండు తెల్ల రిబ్బన్లు వేలాడేసినట్టు ఉంటుంది. అది వచ్చి కొమ్మ మీద వాలిందో లేదో, వెనక చెప్పుల చప్పుడు.

"ఎవ్వలన్న ఉన్నరా సూడు."

గొంతు మా పెద్దవ్వది, బాపు వాళ్ల అన్న భార్య. వెంట పక్కింటామె.

"ఎవ్వలు లేరక్కా. గా పచ్చదేంది?"

"మా మర్ది కోళ్లకు కట్టినట్టున్నడు. జల్ది కానియ్యి."

దోటితో కొమ్మ లాగారు. పిట్ట తుర్రుమంది. కాయలు టపటపా రాలాయి. దగ్గితే పెద్దవ్వ పరువు పోతుంది, ఊరుకుంటే బాపు కాయలు పోతాయి. నిజం చెప్పాలంటే నాకు రెండింటి ఫికరూ లేదు. పిట్ట మళ్లీ రావాలి, అంతే.

ఇద్దరూ నీడన కూర్చుని కాయలు కొంగులో కట్టుకుంటూ నా మీద పడ్డారు.

"మీ మర్ది బిడ్డ పొద్దంత పిట్టల ఎంబడి తిరుగుతదటనే?"

"తిరుగుతది. మనిషిని పిలిస్తె పలుకది, పిట్ట కూస్తె ఉరుకుతది."

నేను కంతలోంచి కన్ను తీయలేదు. కాసేపటికి ఇద్దరూ మాటలాపి అలుపు తీర్చుకుంటుంటే, నా పిట్ట తిరిగొచ్చింది. కొమ్మ మీంచి జారి, నీళ్లను పొట్టతో తాకి, తోక ఆడిస్తూ లేచింది. మీట నొక్కాను. టకటకటక!

"ఓ అవ్వో, పాము!" అని పక్కింటామె లేచింది.

"పాము టకటక అంటదానే?" అంటూ పెద్దవ్వ దోటి ఎత్తి గుడారం మీదికి వచ్చింది.

"పెద్దవ్వా, కొట్టకు! నేనే!"

కొంగు జారింది. కాయలు దొర్లి గుంటలో పడ్డాయి. ఆమె మాత్రం రెప్ప కూడా కొట్టకుండా అంది: "నువ్వా బిడ్డా? మీ బాపు చెట్టుకు దొంగలు పడ్తరని జర కాపలా ఉన్న."

నవ్వాపుకోలేక కెమెరా తెచ్చి ఫోటో చూపించాను. ముందు నీటిచుక్కలు రాలుస్తూ పిట్ట, దాని వెనక కాయలు వాటేసుకున్న పెద్దవ్వ.

ఆమె చాలాసేపు చూసింది. "పిట్ట మంచిగనే వచ్చింది. నేనే మసకమసక పడ్డ. మల్ల తియ్యి."

"దొంగతనం ఫోటోనా పెద్దవ్వా?"

"నోరు ముయ్యి. మీ బాపుకు సూపియ్యకు."

సరేనన్నాను. గుంటలో పడ్డ కాయలు కూడా నేనే ఏరిచ్చాను. పెద్దవ్వ వాటిని కడిగి, తుడిచి, మళ్లీ కొంగున కట్టుకుని దర్జాగా నడిచిపోయింది.

కొన్నాళ్లకు ఆమె ఇంటి నుంచి గిన్నెడు మామిడి తొక్కు పచ్చడి వచ్చింది. బాపు వేడన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"వదినె చేతిల ఏదో ఉన్నది. గీ కాయ ఏడ దొరికిందో అడగాలె. మన చెట్టుకు గిసొంటి కాయ జన్మల కాయది."

వడ్డిస్తున్న మా అమ్మ నా వంక చూసింది. నేను తలొంచుకుని అన్నంలో ఇంకాస్త తొక్కు కలుపుకున్నాను.