నేను తుంచిన కొబ్బరాకు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా గొప్పలు పోవడమేనేమో. అది నాకు అన్నం సయించకుండా చెయ్యలేదు. నిద్రా చెడగొట్టలేదు. పండగలకి చీరలు కట్టాను, పేరంటాలకి వెళ్లాను, అందరితో పాటూ నవ్వాను. కానీ మా పక్కింటి నూకాలు చేపల గంప దించి, ఒక్కో చేపనీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే మాత్రం అక్కడ నిలబడలేను. ఒకప్పుడు ఆమె అలా చూసేది కాదు. ఆ అలవాటు నావల్ల వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది అండమాన్‌లో బతు బస్తీ. నూకాలు వాళ్లవాళ్లూ మావాళ్లూ శ్రీకాకుళం వైపు నుంచే ఈ దీవులకి వచ్చారు. ఆమెది చేపలు పట్టే కుటుంబం. పొద్దున్నే గంపతో వచ్చి వీధిలో అమ్ముతుంది. మొగుడు ఫారెస్టులో వాచర్, డ్యూటీ ఎక్కడో మిడిల్ అండమాన్‌లో, ఇంటికొచ్చేది తక్కువ. ఆ ఇంట్లో ఆమెకి తోడు ఒక పిల్లి. ఎన్ని చేపలు వేసినా ముందు రొయ్య కోసమే వెతుక్కునేదని దానికి ‘రొయ్య’ అనే పేరు పెట్టుకుంది. దానితో మాట్లాడేది, తిట్టేది, అలిగేది. మొగుడితో కూడా అన్ని మాటలు మాట్లాడి ఉండదు.

మా ఆయన చిన్న కాంట్రాక్టరు. రిసార్టులకి తోటపని కూడా చేయించేవాడు. గేటు పక్కన కుండీల్లో పెట్టడానికి వాళ్లకి సైకస్ మొక్కలంటే మోజు. పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, ఇక్కడి అడవుల్లో సముద్రం ఒడ్డున దానంతట అదే పెరుగుతుంది. నర్సరీలో కొంటే మిగిలేదేం లేదని ఆయన అడవిలోంచి తవ్వించి తెచ్చాడు. అది నేరమని ఇద్దరికీ తెలుసు. తవ్విన కూలీలు ‘జహర్ హై, జానవర్ ఖాయేగా తో మరేగా’ అన్నారట. అంటే అది విషమనీ, జంతువు తింటే చస్తుందనీ తెలుసు. వాటిని మా పెరట్లో టార్పాలిన్ కింద దాచాం. పక్కిల్లు ఫారెస్టువాడిది. ‘ఎవరడిగినా నోరెత్తకు, వాడి కంటపడితే మనం అయిపోయినట్టే’ అన్నాడు ఆయన.

ఆదివారం మధ్యాహ్నం బట్టలు తీయడానికి వెళ్లేసరికి టార్పాలిన్ అంచు లేచి ఉంది. రొయ్య ఆ లేత ఆకుల్ని కసకసా నములుతోంది. అదిలించాను. పారిపోయింది. పిల్లులు గడ్డి తింటాయి కదా అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేక అలా అనుకుంటే సుఖంగా ఉంటుందని అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

కాసేపటికి నూకాలు పరుగెత్తుకొచ్చింది. పిల్లి కక్కుకుంటోంది, నోట్లోంచి నురగ, అందులో ఆకు ముక్కలు. దగ్గర్లోనే మిడిల్ పాయింట్‌లో తన ఇంటి దగ్గరే చూసే పశువుల డాక్టరుకి ఫోన్ చేసి ఇచ్చాను. స్పీకర్ పెట్టి విన్నాం. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు పొయ్యొద్దు, నోట్లో ముక్కలుంటే తడిగుడ్డతో తీసెయ్యండి, ఏ మొక్క కొరికిందో ఆ ఆకు ఒకటి పట్టుకుని వెంటనే రండి అన్నాడు. ఆకు చూస్తే ఏ మందు వాడాలో తెలుస్తుందన్నాడు.

నూకాలు నా మొహంలోకి చూసింది. ‘ఒదినా, మీ దొడ్లోకే వొత్తాది కదా అది. ఏటి కొరికిందో సూసి ఓ ఆకు తెత్తావేటి’ అంది.

పెరట్లోకి వెళ్లాను. టార్పాలిన్ ముందు నిలబడ్డాను. చెయ్యి చాపితే ఆకు. కేసు, జరిమానా, మా ఆయన కేకలు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. పిల్లి మాత్రం గుర్తుకి రాలేదు. నూకాలూ రాలేదు. నేను పక్కకి తిరిగి, వంగి ఉన్న కొబ్బరి మట్ట నుంచి ఒక ఆకు తుంచి, నాలుగు ముక్కలు చేసి, ఆమె చేతిలో పెట్టాను. పిల్లిని తీసుకుని ఇద్దరం డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

డాక్టరు దాన్ని తిప్పి చూసి, ‘ఏ తో నారియల్ కా పత్తా హై దీదీ, ఇస్సే కుఛ్ నహీ హోతా’ అన్నాడు, కొబ్బరాకు తింటే ఏమీ కాదని. పొద్దున ఏం పెట్టావని అడిగాడు. కవళ్ల చేపలు వేశానంది. చేప పాడైపోయి ఉంటుందని, వాంతులకి ఇంజెక్షన్ చేసి, తగ్గకపోతే మళ్లీ తెమ్మన్నాడు. మర్నాడు పిల్లి కొంచెం తేరుకుంది. నూకాలు నా చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే ఏమైపోదునో అంది. అదే రోజు మొక్కలు మా ఇంట్లోంచి వెళ్లిపోయాయి. ఆ తర్వాత పిల్లి చెవుల లోపల, చిగుళ్లు, అన్నీ కామెర్లు వచ్చినట్టు పచ్చబడ్డాయి. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుండగా ఆటోలోనే ఆమె ఒళ్లో పోయింది.

ఇక్కడితో ఆగినా నన్ను నేను కొంత క్షమించుకునేదాన్నేమో. భయంలో చేశాను అనుకునేదాన్ని. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

దాన్ని పాతిపెట్టాక ఆమె మా గుమ్మంలో కూర్చుంది. ఏడవడం లేదు. తన అరచేతుల్ని చూసుకుంటోంది.

‘ఒదినా, నిజం సెప్పు. ఆ పొద్దు నీకూ అయ్యే కవళ్లు ఇచ్చినాను. మెత్తబడిపోనాయేటి? ఇన్నేళ్లలో సేప ఎలాగున్నాదో నాకు తెలీకుండా పోలేదు. నా సేత్తోనే సంపీసుకున్నానేటి దాన్ని?’

ఆ కవళ్లు మేం పులుసు పెట్టుకుని తిన్నాం. మా ఆయన రెండోసారి వేయించుకున్నాడు. అంత తాజాగా ఉన్నాయి.

‘కొంచెం మెత్తగానే ఉన్నాయి నూకాలూ’ అన్నాను.

అలా ఎందుకన్నాను? ఏమీ అనకుండా ఉండొచ్చు. తెలియదనొచ్చు. ఆమె ఆలోచన మళ్లీ మా పెరటి వైపు తిరగకూడదని అన్నాను. తలుపు గట్టిగా మూశాననుకున్నాను, ఆ తలుపు సందులో ఆమె చేతులు నలిగిపోయాయి. ఆమె తల ఊపి, లేచి, ఇంటికి వెళ్లిపోయింది. చేపని చూడగానే తాజానో కాదో చెప్పేసే మనిషి, అప్పట్నుంచీ వాసన చూస్తే గానీ నమ్మదు. కొనేవాళ్లు చిరాకుపడతారు. వీధి పిల్లులు కాళ్ల చుట్టూ తిరిగినా చేప ముక్క విదల్చదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తర్వాత చదివాను. ఆ మొక్క కాలేయాన్ని తినేస్తుందట. వెంటనే తెలిసి వైద్యం చేసినా చాలా జంతువులు బతకవట. ఆ వాక్యం చదివి ఎంత సంతోషించానో చెబితే నా మీద మీకు అసహ్యం వేస్తుంది. కొన్నాళ్లు దాన్నే పట్టుకుని వేలాడాను. కానీ బతకకపోయినా, ఆమె చేతుల తప్పు కాదని ఆమెకి తెలిసేది కదా?

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఇప్పుడు బస్తీలో ఎవరి పిల్లి ఏ మొక్క కొరికినా నన్నే అడుగుతారు. ఆ రోజు నూకాలుకి తోడు పరుగెత్తాను కదా, ఆ పేరు. నేనూ పెద్దమనిషిలా చెబుతాను, వాంతి చేయించకండి, ఆలస్యం చెయ్యకండి, కొరికిన మొక్క ఆకే పట్టుకెళ్లండి అని. దొంగే దొడ్డికి కాపలా.

మా ఆయన ఆ వ్యాపారం మానేసి చాలా కాలమైంది. నూకాలు మొగుడు రిటైరయ్యాడు. కేసు భయం లేదు, జరిమానా భయం లేదు. అయినా గోడ దాటి వెళ్లి చెప్పలేదు. అంటే ఇన్నాళ్లూ నోరు మూయించింది భయం కాదన్నమాట. ఆమె నన్ను ‘ఒదినా’ అని పిలవడం మానేస్తుందని. అంతే. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె చేతుల మీద అంత నింద ఉంచేశాను.

ఆమెకి చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. ఆ రోజు కవళ్లు మెత్తబడలేదు. పిల్లి తిన్నది మా పెరట్లోది. రాశాక నాకు ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. పక్కింట్లో ఆమె ఇంకా చేపల్ని వాసన చూస్తూనే ఉంది.