అల్లుడి కాలు పట్టేదెవరు?

ఆ రోజుల్లో మా ఊళ్ళో నన్ను సొంత పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ నేను ‘రేడియో’నే. కబడ్డీ ఆట మొదలైందంటే నా నోరు మూతపడేది కాదు గనుక మా చిన్నాయన (అంటే నాయన తమ్ముడు) పెట్టిన పేరది. రోజూ బస్సెక్కి మార్కాపురం పోయి డిగ్రీ చదివే ఆడపిల్లకు కబడ్డీ గోల ఏందని మా అమ్మ తల పట్టుకునేది. ఇప్పుడు టీవీలో పెద్ద నగరాల జట్లు రబ్బరు చాపల మీద ఆడి ఓడిపోతుంటే, సూట్లు వేసుకున్న పెద్దమనుషులు కూర్చుని జట్టును ఎలా బాగు చేయాలో గంటల తరబడి చర్చిస్తుంటారు. చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ పని నేను వయసులో ఉన్నప్పుడే చేశాను. ఓడిపోయే జట్టును బాగు చేయడానికి ఏకంగా పెళ్ళే చేసుకున్నాను!

మా ఊరు మార్కాపురం నుంచి త్రిపురాంతకం పోయే వైపు, బస్సు ఆగీ ఆగనట్టు ఆగే ఊరు. ఏటా తిరునాళ్ళకు కబడ్డీ పోటీలు పెట్టేవాళ్ళం. వెలిగండ్ల వైపు నుంచి, హనుమంతునిపాడు వైపు నుంచి, గిద్దలూరు వైపు నుంచి జట్లు ట్రాక్టర్లెక్కి వచ్చేవి. మా జట్టు మా ఊళ్ళోనే, మా జనం ముందరే, మొదటి ఆటలోనే ఓడిపోయేది. ఓడిపోయి, మిగతా పోటీలన్నిటికీ వచ్చినవాళ్ళకు మజ్జిగ పోస్తూ తిరిగేది. మొదటి బహుమతి పొట్టేలు. ఆ పొట్టేలు ఏనాడూ మాకు దక్కలేదు గానీ, ఆట ముందు బలం కోసమని మా వాళ్ళు తిన్న పొట్టేళ్ళకు లెక్కలేదు. అంత తిని కూతకు పోతే ఊపిరి ఎక్కడ నిలుస్తుంది? “కబడ్డీ” అని రెండోసారి అనేలోపే త్రేనుపు వచ్చేది.

ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు. తినడం ఆట అయ్యాక పెట్టుకోండి అన్నాను. వినలేదు. కూతకు పోయేవాడు ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతున్నాడు, చిన్నపిల్లలు కూడా కనిపెట్టేస్తున్నారు అన్నాను. వినలేదు. అన్నిటికంటే పెద్ద తెగులు ఎడమ మూలన ఉండేది. అక్కడ నిలబడే ఇద్దరూ దాయాదులు. గట్టు తగాదా వచ్చి మాటలు మానేసినవాళ్ళు. కబడ్డీలో పట్టేవాళ్ళు చేతులు కలిపి గొలుసుకట్టు కడతారు కదా, వీళ్ళిద్దరూ చేతులు కలపరు. ఎదుటివాడు వచ్చి ఆ సందులో నుంచి దర్జాగా తిరిగిపోయేవాడు. వాళ్ళను వేరే మూలలకు మార్చమంటే, తాతల నాటి నుంచి మా మూల ఇదేనని ఇద్దరూ కదలరు. (పోనీ చెరో కొస తువ్వాలు పట్టుకోండని నేనే సలహా ఇచ్చాను. ఒప్పుకున్నారు కూడా. రెఫరీ ఒప్పుకోలేదు.)

జట్టును నడిపేది మా నాయన. ఆడే స్థలం కూడా ఊరి చివర ఆయన బీడు పెట్టిన చేనే. ఒక ఏడు అట్లా ఓడిపోయాక ఆయన అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూనే ఒక మాట అన్నాడు.

“వచ్చే తిరునాళ్ళకు కూడా ఓడినారంటే ఆ చేను దున్నించి కంది వేస్తా. కందులన్నా తింటాం.”

నాయన మాట అన్నాడంటే అన్నట్టే. ఆ నేల పోతే జట్టు పోయినట్టే. జట్టు పోతే ఈ రేడియో ఎక్కడ మోగాలి?

మమ్మల్ని ఏటా ఓడించేది గిద్దలూరు వైపు జట్టు. వాళ్ళలో కూతకు వచ్చే ఒక కుర్రవాణ్ణి మా ఊరంతా జెర్రిపోతు అనేది. చేతికి చిక్కినట్టే ఉండి, జర్రున గీత దాటేసేవాడు. చీలమండలు పట్టడంలో మా చిన్నాయనను మించినవాడు లేడు, ఆయన పట్టుకు పటకారు అని పేరు. ఆ పటకారుకు కూడా వాడు దొరికేవాడు కాదు. నాకు వాడిమీద వచ్చే కోపం అంతా ఇంతా కాదు. అంత కోపంలోనూ, ఆడితే అట్లా ఆడాలి అనుకునేదాన్ని.

“వాణ్ణి పట్టలేమని తేలిపోయింది గదా,” అన్నాను ఆ పూట. “మన ఊరి పిల్లనెవరినన్నా ఇచ్చి ఇల్లరికం తెచ్చుకుంటే పోలా? మనకే ఆడతాడు.”

అన్నేళ్ళుగా నా సలహాలు పంఖా గాలికి కాగితాలు పోయినట్టు పోయేవి. ఆ ఒక్కటి మాత్రం పోలేదు. చిన్నాయన చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు. “ఎవరి పిల్లను ఇస్తారు పాపా?” అన్నాడు. నాయన నా వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. నేను వెనక ఎవరన్నా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

ఆరా తీస్తే జెర్రిపోతు వాళ్ళు మాకు దూరపు చుట్టాలేనని తేలింది (మా వైపు గట్టిగా ఆరా తీస్తే చుట్టం కానివాడు తేలడు). పెళ్ళిచూపులకు వచ్చారు. లుంగీ ఎగగట్టి మట్టిలో తిరిగే జెర్రిపోతు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా వసారాలో కుర్చీ చివర భయం భయంగా కూర్చున్నాడు. పెద్దవాళ్ళు మామూలుగానే, “ఏమన్నా అడగాలంటే అడగమ్మా,” అన్నారు. ఆడపిల్ల తల అడ్డంగా ఊపడానికి ఇచ్చే అవకాశం అది. నేను అడిగాను.

“మీరు ఎప్పుడూ మా ఎడమ మూలకే ఎందుకొస్తారు?”

అమ్మ చేతిలో పళ్ళెం ఒరిగింది. ఆయన మాత్రం కుర్చీలో వెనక్కి జరిగి సర్దుకుని కూర్చున్నాడు. భయం ఎటు పోయిందో పోయింది.

“ఆడ మీవోళ్ళిద్దరూ చేతులు పట్టుకోరు గదా. వాళ్ళకేమన్నా తగాదానా?”

అంతే! నేను ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్న మాట ప్రపంచంలో ఇంకొక మనిషి నోటి నుంచి విన్నాను. ఉద్యోగమేమిటి, పొలమెంత, ఇల్లెట్లాంటిది, నాకు ఏదీ అక్కర్లేకపోయింది. లోపలికి పోయి అమ్మతో సరేనన్నాను. నా జీవితంలో అంత తొందరగా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోలేను.

పెళ్ళి కుదిరింది గానీ, అసలు సంగతి చెడింది. ఇల్లరికం అనగానే కాబోయే మామ మీసం దువ్వి, “కోడల్ని తీసకపోను వచ్చినాం గానీ కొడుకును ఇడిసిపెట్టి పోను కాదు. వాడు మా ఊరికే ఆడతాడు,” అన్నాడు. నాయన అప్పటికే అల్లుణ్ణి చూసి మురిసిపోయి ఉన్నాడు, సరేననేశాడు. అట్లా మా జట్టును బాగు చేసే నా పథకంలో, జట్టుకు ఆటగాడు రాలేదు సరికదా, ఉన్న ఒక్క సలహాదారూ ఎదుటి ఊరికి కాపురానికి పోయింది.

మళ్ళీ తిరునాళ్ళు వచ్చాయి. మొదటి ఆటే మాకూ వాళ్ళకూ పడింది. నాయన గట్టున నిలబడ్డాడు. పక్క చేలో నాగలి బిగించిన ట్రాక్టరు సిద్ధంగా ఉంది. నేను కొత్తకోడలిని గనుక, వాళ్ళ ఊరి ట్రాక్టరు తొట్టిలో, మా అత్త పక్కన, పట్టుచీర కట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. ఎంత కష్టమో చెప్పలేను. మా వాళ్ళు ఆ ఏడు ఖాళీ కడుపుతో వచ్చారు. ఊపిరి నిలుస్తోంది. ఎదుటి ఊరివాళ్ళు ఎవరు వచ్చినా పట్టి పడేస్తున్నారు. అప్పుడు మా ఆయన కూతకు వచ్చాడు.

మా వాళ్ళందరూ ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి జరిగి దారి ఇచ్చారు! కుడి మూలన ఉన్న కుర్రవాడు “రా బావా,” అన్నాడు. ఇంకొకడు “దా అల్లుడూ,” అని చేతులు కట్టుకున్నాడు. మా వైపు అంతే, ఒక ఇంటి అల్లుడైతే ఊరందరికీ అల్లుడే. ఆయన కూత ఆపకూడదు గనుక “కబడ్డీ కబడ్డీ” అంటూనే, పట్టుకోండయ్యా అన్నట్టు చేతులు ఊపాడు. ఎవరూ పట్టలేదు. ఆయనకే సిగ్గేసి ఎవరో ఒకరి భుజం మీద వేలు పెట్టి తిరిగిపోయాడు. ప్రతిసారీ ఇదే తంతు. మా వాళ్ళు కష్టపడి తెచ్చిన పాయింట్లన్నీ అల్లుడి మర్యాదకే ఖర్చయిపోతున్నాయి.

సగం ఆట అయ్యాక మజ్జిగ ఇచ్చే వంకతో దిగి చిన్నాయన దగ్గరికి పోయాను.

“ఎందుకు పట్టవు చిన్నాయనా?”

“ఎట్ల పట్టేది పాపా? పెండ్లిలో మీ నాయన ఆ కాళ్ళు కడుగుతుంటే చెంబుతో నీళ్ళు పోసింది నేనే గదా. ఆ కాలు పట్టి లాగి మట్టిలో పడేస్తే బాగుంటాదా? వాళ్ళ ఊరంతా చూస్తాంది. రేపు మీ అత్తగారింట్లో నిన్ను ఒక మాటంటే?”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నా కోసం, నాకు ఎవరూ ఒక మాట అనకుండా ఉండటం కోసం, మా ఊరు ఊరంతా ఓడిపోవడానికి సిద్ధపడింది. నవ్వూ వచ్చింది. పోయి మళ్ళీ తొట్టి ఎక్కాను.

ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానం. ఆఖరి కూత. వచ్చేది మా ఆయనే. తాకి పోతే వాళ్ళు గెలిచినట్టు, పట్టుకుంటే మేము గెలిచినట్టు. నాయన గట్టు మీద నుంచి ట్రాక్టరు వైపు చూశాడు. మా ఆయన గీత దాటాడు, మా వాళ్ళు వెనక్కి జరగడం మొదలుపెట్టారు, నాకు ఎదురుగా కంది మొలకలు కనిపించాయి. పట్టుచీర, అత్త, కొత్తకాపురం, అన్నీ మరిచిపోయి తొట్టిలో లేచి నిలబడ్డాను.

“చిన్నాయనా! గీత దాటొస్తే అల్లుడు కాదు, జెర్రిపోతే! నన్నెవరేమన్నా నేను చూసుకుంటా! పట్టు కాలు!”

జనం మొత్తం నా వైపు తిరిగారు. పక్కన అత్త లేచింది. అయిపోయింది నా పని అనుకున్నాను. ఆమె కొంగు నడుముకు దోపి, నన్ను పక్కకు తోసి, నాకంటే పెద్ద గొంతుతో, “ఒరే, ఎనక్కి చూసుకోరా! ముసిలాయన వంగుతాండాడు! దుంకురా!” అని అరిచింది.

చిన్నాయన నిజంగానే వంగాడు. వంగి ఏం చేశాడో తెలుసా? ముందు అల్లుడి పాదాన్ని వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకున్నాడు. అద్దుకుని, ఆ తర్వాత పటకారు బిగించాడు! మా ఆయన పడగానే ఎడమ మూల దాయాదులిద్దరూ తగాదా సంగతి మరిచి చేతులు గొలుసు వేసి మీద పడ్డారు. మిగతా ఊరు వాళ్ళ మీద పడింది. మట్టి దుమ్ములో ఎవరూ కనిపించలేదు, “కబడ్డీ” అన్న గొంతు సన్నగా వినిపించి ఆగిపోయింది. రెఫరీ ఈల వేశాడు. గెలిచాం! నేను తొట్టిలో నుంచి ఎట్లా దూకానో తెలియదు, పట్టుచీర అంచు ఇప్పటికీ చిరుగుతోనే ఉంది. మా వాళ్ళు గెలిచిన సంతోషం కూడా పక్కనబెట్టి, “దెబ్బేమన్నా తగిలిందా అల్లుడూ?” “నీళ్ళు తాగు బావా,” అంటూ ఆయన ఒంటి మీద మట్టి దులుపుతున్నారు. నాయన గట్టు దిగి వచ్చి, ట్రాక్టరు నుంచి నాగలి విప్పమని సైగ చేశాడు.

(రెండో ఆటలోనే ఓడిపోయామన్న సంగతి ఇక్కడ చెప్పనవసరం లేదు. పొట్టేలు వెలిగండ్ల వైపు వెళ్ళిపోయింది.)

తిరిగి పోయేటప్పుడు తొట్టిలో నేను తల దించుకుని కూర్చున్నాను. ఊరు దాటాక అత్త, “గొంతు బాగానే ఉండాది గానీ, వచ్చే ఏడు నా పక్కన కూసోబాక. చెవులు పోయినాయి,” అంది. నన్ను ఆ ఇంట్లో అన్న ఒకే ఒక్క మాట అదే.

ఆ చేలో ఇప్పటికీ కంది పడలేదు. మా జట్టు ఇప్పటికీ మొదటి ఆటలోనో రెండో ఆటలోనో ఓడిపోతూనే ఉంది. నేను వాళ్ళకు ఫోన్లు చేసి సలహాలు చెబుతూనే ఉన్నాను, వాళ్ళు “అట్లనే అక్కా” అని పెట్టేస్తూనే ఉన్నారు. చిన్నాయనకు నడుము వంగిపోయింది. ఎప్పుడు కలిసినా ముందు అడిగేది అల్లుడి చీలమండ గురించే. ముసురు పడితే అది కాస్త వాచి నొప్పి చేస్తుంది, నేనే మందు రాస్తాను.

రాస్తున్నప్పుడల్లా నాకు ఒక అనుమానం వస్తుంది. చిన్నాయన ఆ పాదం తాకి కళ్ళకద్దుకునేంతసేపు ఈయన ఎందుకు కదలకుండా నిలబడ్డాడు? జెర్రిపోతుకు అంతసేపు చాలు, మూడుసార్లు గీత దాటి పోవచ్చు. నా అరుపు విని నిలబడ్డాడా? గట్టు మీద నాయన ముఖం చూశాడా? ఎన్నిసార్లు అడిగానో. అడిగినప్పుడల్లా ఒకటే చేస్తాడు. గట్టిగా ఊపిరి తీసుకుని, “కబడ్డీ కబడ్డీ కబడ్డీ” అంటూ కుంటుకుంటూ బయటికి పోతాడు. కూతలో ఉన్నవాడు వేరే మాట మాట్లాడకూడదు కదా! ఒకప్పుడు ఊరు ఊరంతా చుట్టుముట్టినా ఆగని కూత, ఇప్పుడు మా వాకిలి దాటకముందే ఆగిపోతుంది. గడప దగ్గర నిలబడి నవ్వుతూ ఆయాసపడతాడు. రెండడుగులు వేస్తే నేనే పట్టుకోవచ్చు. అయినా ఆ కాస్త దూరం పోనిస్తాను.