ఎలుగుబంటి స్నానం మీద విచారణ

ఉద్యోగ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయనగా, ఒక జూలైలో, నన్ను ఆలూరు పక్కన ఒక మండలానికి విద్యాశాఖాధికారిగా వేశారు. మాది బద్వేలు. ఉపాధ్యాయుడిగా, ప్రధానోపాధ్యాయుడిగా నా సర్వీసంతా కడప జిల్లాలోనే గడిచింది. ఈ కాస్త కాలం ఫైళ్లు సర్దుకుని మర్యాదగా ఇంటికి పోదామనుకున్నాను. చేరిన మూడో వారంలో ఎలుగుబంటి వచ్చి పడింది.

ముందు మా పద్ధతి చెప్పాలి. సోమవారం అర్జీల రోజున ఎవరైనా కర్నూలులో ఒక కాగితం ఇస్తే, అది ఒక్కో ఆఫీసూ దిగుతూ, ప్రతి చోటా ఒక సంతకం వేయించుకుని, చివరికి మండల విద్యాశాఖాధికారి బల్ల మీద ఆగుతుంది. దాని మీద ‘విచారించి ఏడు రోజుల్లో నివేదిక పంపవలెను’ అని ఉంటుంది. శిక్ష వేసే అధికారం మాకు లేదు. కానీ పైవాళ్లు శ్రద్ధగా చదివేది నివేదికలో చివరి పేరా ఒక్కటే కాబట్టి, జరగాల్సింది దాదాపు అక్కడే ఖాయమైపోతుంది.

ఆ అర్జీ ఒక పల్లె ప్రాథమిక పాఠశాల గురించి. అక్కడ శైలజ అనే టీచరు, పిల్లలు సంచులు తేనక్కర్లేని శనివారాల్లో, తరగతి గది గోడకున్న పెద్ద టీవీలో జపాను బొమ్మల సీరియల్ చూపిస్తున్నారట. ‘అందలి నగ్న దృశ్యముల వలన పసి మనసులు కలుషితమై మన సంస్కృతి మంటగలియుచున్నది’ అని రాసి ఉంది. కింద తిమ్మప్ప, రైతు అని వంకర టింకర సంతకం. ఆయన మనవరాలు శిరీష అదే బడిలో నాలుగో తరగతి.

శైలజ గారిని ఫోన్లో అడిగితే ఏమీ దాచలేదు. దాన్ని అనిమే అంటారనీ, హాస్యం సీరియల్ అనీ, తెలుగు మాటలు కూడా ఉన్నాయనీ చెప్పి, పన్నెండు భాగాలూ పెన్‌డ్రైవులో పంపారు. చివర్లో మాత్రం గొంతు తగ్గించి, ఛార్జి మెమో వస్తుందా సార్ అని అడిగారు. ఆమె ఉద్యోగంలో చేరి రెండేళ్లు. మెమో పడితే అది సర్వీసు రిజిస్టరుకెక్కి, రిటైరయ్యే దాకా ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి వెంట వస్తుంది. చూద్దాం అన్నాను. అధికారి నోటి వెంట ఆ మాట వస్తే భయపడాలని ఆమెకూ తెలుసు.

ఆలూరులో నేనున్న గదిలో, గీతల నోటుబుక్కు పక్కన పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను. ఒక ముసలమ్మ జపాను పల్లెలో జనం డబ్బులిచ్చి స్నానం చేసి పోయే ఇల్లు నడుపుతుంటుంది. అడవి జంతువులు మనుషుల్లాగా ప్యాంటూ షర్టూ వేసుకుని స్నానానికి వస్తాయి. బట్టలు విప్పగానే బండారం బయటపడుతుంది. వాటిలో ఒక ఎలుగుబంటికి స్నానమంటే ప్రాణం, తొట్టి కనిపిస్తే చాలు దూకేస్తుంది. నడుముకు తువ్వాలు చుట్టుకుని, తానొక బ్యాంకు మేనేజరునని బొంకుతుంటుంది. ముసలమ్మ చెంబు పెట్టి దాని నెత్తిన మొత్తుతుంది. ప్రతి భాగంలోనూ ఇంతే కథ.

నోటుబుక్కులో నిమిషం, దృశ్యం, అభ్యంతరం అని మూడు గళ్లు గీశాను. తువ్వాలు జారడం, పెద్దల్ని ఎదిరించడం, అబద్ధమాడటం, మూగజీవాన్ని చెంబుతో కొట్టడం, అన్నీ ఎక్కించాను. ఏడో భాగంలో నాకే నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చి, ఆ భాగానికి రెండు అభ్యంతరాలు ఎక్కువ రాశాను. మొత్తం ముప్పై నాలుగు తేలాయి. విచారణకు బయల్దేరకముందే నివేదిక చిత్తుప్రతి రాసి పెట్టుకోవడం నాకు పాత అలవాటు. ‘బాలలకు ఎంతమాత్రమూ తగదు. తగు చర్యకు సిఫారసు చేయడమైనది’ అని చివరి పేరా కూడా రాసేసి, మడిచి సంచిలో పెట్టుకున్నాను.

శనివారం బడికి వెళ్లి, ఎప్పటిలాగే చూపించమన్నాను. తనిఖీకి వెళ్లినవాడు వెనక వరసలో కూర్చోవాలి, అది మా ఆనవాయితీ. అధికారి వెనక ఉన్నాడని తెలిసిన పిల్లలు నవ్వరు. ముప్పైమంది వీపులు నిటారుగా పెట్టి, ఎలుగుబంటి చేష్టల్ని ఎక్కాల పట్టిక చూసినట్టు చూశారు. నాకేమో ఆ మౌనం నా నివేదికకు బలంగా కనిపించింది.

తొమ్మిదో భాగం వచ్చింది. నా లెక్కలో అన్నిటికన్నా ఘోరమైన తువ్వాలు అందులోనే ఉంది. ఎలుగుబంటి పరుగెత్తుకొచ్చి నిండు తొట్టిలోకి దూకుతుంది. తువ్వాలు ఒకవైపు, నీళ్లు అన్నివైపులా. నీళ్లు గడప దాటి, మెట్లు దిగి, వీధిలో పారతాయి. పిల్లలందరూ ఒక్కసారి అయ్యో అన్నారు. సిగ్గుపడి అన్నారనుకుని పెన్ను తీశాను. ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడిపోయింది. ఏమయిందని అడిగాను.

“అన్ని నీళ్లు పారబోసినాది గదా సార్. ఆయవ్వకు మళ్ల నీళ్లు ఎప్పుడొస్తాయి?” అంది. ఆ పిల్లే శిరీష.

తువ్వాలు చూశారా అని మిగతావాళ్లను అడిగాను. ఏ తువ్వాలని నన్నే ఎదురు అడిగారు. పెన్ను జేబులో పెట్టుకున్నాను.

అర్జీదారు వాంగ్మూలం తీసుకోవడం విచారణలో తప్పనిసరి. తిమ్మప్ప ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి మజ్జిగ ఇచ్చాడు. అర్జీ చదివి వినిపిస్తే, అది వేరెవరిదో అన్నట్టు విన్నాడు.

“సంస్కృతి సంగతి నేను జెప్పలేదప్పా. నేను జెప్పింది నీళ్ల సంగతి. నీళ్లని రాస్తే ఎవురూ సూడరు, ఇట్ల రాస్తేనే సూస్తారని ఆడ అర్జీలు రాసేటాయప్ప రాసినాడు” అన్నాడు.

ఆ ఊరికి కుళాయి నీళ్లు ఐదు రోజులకొకసారి వస్తాయి. పెరట్లో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. నీళ్లు పట్టిన రోజు సాయంత్రం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, శిరీష పక్కనున్న బండరాయెక్కి ఎలుగుబంటి మాదిరి అందులోకి దూకిందట.

“సేను కాడ్నుంచి వచ్చి సూస్తే గొంతు దాకా నీళ్లుండాయి. బయటికి రానీక రాక ఏడుస్తాండాది. సంకల కింద సేతులేసి నేనే పైకి లాగినా సారూ” అన్నాడు. నీళ్ల సంగతని మొదలుపెట్టిన మనిషి చివరికి చెప్పింది పిల్ల సంగతి.

వెళ్లి డ్రమ్ము పక్కన నిలబడ్డాను. నా రొమ్ము దాకా వచ్చింది. ముప్పై నాలుగు అభ్యంతరాల్లో పిల్లలు ఇది చూసి ఏ నీళ్లలోకి దూకుతారో అన్న ముక్క ఒక్కటీ లేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

సీరియల్ ఆపించమంటావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఆపితే మనవరాలు తనను ఇంట్లోకి రానివ్వదన్నాడు. “ఆ సెంబుతో కొట్టే ముసల్ది శానా బాగుండాదంట. డ్రమ్ములోకి దిగొద్దని టీచరమ్మ ఒక్క మాట జెప్తే సాలు” అన్నాడు. అదే వాంగ్మూలంగా రాసుకుని సంతకం పెట్టించుకున్నాను.

డ్రమ్ము సంగతి శైలజ గారికి చెప్పాను. తర్వాతి శనివారం ఆమె ఆ దూకే దృశ్యం దగ్గర ఆపి, ఇళ్లలో డ్రమ్ముల గురించి మాట్లాడి, మూతలు బిగించారో లేదో చూసి రమ్మని పిల్లల్ని జతలు జతలుగా పంపించారు. నేను మళ్లీ వెళ్లాను. ఈసారి ముందు వరసలో, పిల్లల మధ్య కూర్చున్నాను. ఎలుగుబంటి నెత్తిన చెంబు పడగానే ముందు నవ్వింది నేనే. ఆ తర్వాత వాళ్లను ఆపడం నా తరం కాలేదు.

చిత్తుప్రతి చించేసి కొత్త నివేదిక రాశాను. ‘సీరియల్ బాలలకు తగును. పెద్దలు పక్కన ఉండి, అనుకరించరాని చోట ఆపి వివరించవలెను. ఉపాధ్యాయురాలిపై చర్య అవసరం లేదు’ అని ముగించాను. దాని పైన, గ్రామానికి నీటి సరఫరా ఐదు రోజులకొకసారి ఉన్నదని ఒక పేరా చేర్చాను. మెమో రాలేదు. నివేదిక మాత్రం వెనక్కి వచ్చింది. నీటి పేరా విద్యాశాఖ పరిధిలోనిది కాదు, తొలగించి పంపవలెను అని రాశారు. తొలగించి పంపాను.

ఇప్పుడు కడపలో ఉంటున్నాను. ఫలానా బొమ్మల సీరియల్ పిల్లలకు మంచిదేనా సార్ అని పక్కింటివాళ్లు అప్పుడప్పుడూ అడుగుతారు. విచారణాధికారిని కదా! పిల్లల పక్కన కూర్చుని, తెరను కాక వాళ్ల ముఖాలను చూడమంటాను. ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ అయ్యో అంటున్నారో, ఇంటికెళ్లి ఏం చేయబోతున్నారో అక్కడే తెలుస్తుంది. ఆ ఎలుగుబంటి దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే. నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయని శిరీష అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. నేను రిటైరైన రోజుకు కూడా ఆ ఊరికి నీళ్లు ఐదు రోజులకొకసారే వస్తున్నాయి.