నేను చూడని చేతులు

నా చిన్నప్పుడు, ఐదో తరగతి చదువుతున్న రోజుల్లో, నల్లబల్ల మీది అక్షరాలు ఉన్నట్టుండి మాయమయ్యేవి. పంతులుగారి ముఖం వైపు చూస్తే ఒక కన్నూ సగం మీసమూ మాత్రమే కనపడేవి. మిగతా సగం ఉండాల్సిన చోట ఏమీ ఉండేది కాదు. కాసేపటికి ఆ ఖాళీ అంచున రంపపు పళ్ళలాంటి తెల్లటి మెరుపులు మొదలయ్యేవి. అవి వణుకుతూ, మెలికలు తిరుగుతూ పెద్దవయ్యేవి. కళ్ళు మూసుకున్నా పోయేవి కావు. ఒక్కోసారి నా చెయ్యి నాకే చేటంత పెద్దదిగా అనిపించేది, ఎదుటి గోడ పొలం గట్టంత దూరం జరిగిపోయేది. పావుగంటకు అవన్నీ పోయి తలనొప్పి వచ్చేది. వాంతి అయ్యేది. నిద్రపోయి లేస్తే మళ్ళీ మామూలే.

మా ఊరు గురజాలకు దగ్గర. ఊళ్ళో డాక్టరు లేడు. మా అమ్మ మొదట ఎండదెబ్బ అనుకుంది, తర్వాత దిష్టి అనుకుంది. మా నాయనమ్మ మాత్రం మూడోసారికే తేల్చేసింది, పిల్లకు అమ్మవారు కనపడుతోందని. ఆ మాట వీధంతా పాకింది. ఆడవాళ్ళు పసుపూ కొబ్బరికాయా పట్టుకుని వచ్చేవాళ్ళు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, ఏం కనపడుతోందని అడిగేవాళ్ళు. ముగ్గురు ఆడపిల్లల్లో నేను నడిమిదాన్ని. అంతవరకూ నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు. పెద్దవాళ్ళు నా మాట కోసం అలా నోరు మూసుకుని ఎదురుచూడటం నాకు చాలా నచ్చింది. ఆ సంగతి ఒప్పుకోకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

ఆ రోజుల్లో మా వీధి ఇళ్ళకు సున్నాలు వేసే ఆమె ఒకామె ఉండేది. పిల్లలమందరం సున్నాలక్క అని పిలిచేవాళ్ళం. చర్చి పక్క పేటలో ఉండేది. సన్నగా, పొడుగ్గా, కొంగు బిగించి నిచ్చెన ఎక్కి, మధ్యాహ్నం లోపల ఒక గది పూర్తి చేసేది. సున్నానికి ఆమె వేళ్ళు పగిలి, ఎంత కడిగినా గీతల్లో తెలుపు పోయేది కాదు. ఎక్కువ మాట్లాడేది కాదు. మేము అడ్డం తిరుగుతుంటే, "కళ్ళల్లో పడుద్ది, అవతలికి పోండమ్మా" అని మాత్రం అనేది.

ఆ వేసవిలో మా ఎదురింటి పిన్ని ఇంటికి సున్నం వేస్తుండగా, పిన్ని చంటివాడి వెండి మొలతాడు కనపడకుండా పోయింది. ఇల్లంతా వెతికారు. దొరకలేదు. సరిగ్గా అదే పూట నాకు మళ్ళీ మెరుపులు వచ్చాయి. నేను మా వసారాలో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మా నాయనమ్మ చూసి కేక పెట్టింది. పిన్నీ, వీధిలో మరో నలుగురు ఆడవాళ్ళూ వచ్చి నా చుట్టూ చేరారు.

"ఏం కనపడతంది అమ్మాయ్?" అంది పిన్ని.

"తెల్లగా..." అన్నాను.

"తెల్లగా ఏంది? మనిషా?"

నిజానికి నాకు కనపడుతున్నవి ఆ పాత మెరుపులే.

"చేతులా ఏంది?" అని అడిగింది ఇంకొకామె.

"ఆ," అన్నాను.

"తెల్లటి చేతులంట! సున్నం చేతులేగా? సరిగ్గా చూడు."

నేను తల ఊపాను.

ఆ చేతులు నాకు కనపడలేదు. ఒకరు అందించిన మాటను నేను అందుకున్నాను, అంతే. అయినా ఆ తల ఊపింది నేనే, మా నాయనమ్మ కాదు, పిన్ని కాదు. ఇన్నేళ్ళలో ఎన్ని రకాలుగా చెప్పుకుని చూసినా ఆ ఒక్కటీ మారలేదు.

సున్నాలక్కను నిచ్చెన దింపారు. ఆమె అన్నం టిఫిను విప్పించారు. బకెట్‌లో సున్నపు నీళ్ళు వాకిట్లో పారబోయించి అడుగంతా చేత్తో తడిమించారు. ఆమె నడుముకు దోపుకున్న చిన్న సంచీని, అందరూ చూస్తుండగా, ఒకామె లాగి దులిపింది. ఒక తమలపాకూ, రెండు వక్కలూ, చిన్న శిలువ ఉన్న దారం ఒకటీ రాలాయి. ఆమె ఏడవలేదు. "చూసుకోండమ్మా, అన్నీ చూసుకోండి," అంటూ చేతులు దూరంగా పెట్టి నిలబడింది. అప్పటికే నా తల పగిలిపోతోంది. అయినా వసారా మెట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఎవరో నా పేరు చెప్పినట్టున్నారు. ఆమె నా వైపు తిరిగి, కోపం లేకుండా అడిగింది, "నువ్వు చూశావా అమ్మాయ్?"

"చూశాను," అన్నాను.

ఆమె కుంచె కడుక్కుని, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆమెను పనికి పిలవలేదు.

వారం తిరక్కుండానే మొలతాడు దొరికింది. పిన్ని చంటివాడి బొంతను ఎండలో వేసి దులుపుతుంటే, కుట్టు ఊడిన చోటు నుంచి జారి నాపరాయి మీద ఠంగుమని పడింది. నేను మా అరుగు మీదే ఉన్నాను. పిన్ని దాన్ని చటుక్కున కొంగులో దాచి, మా అమ్మ దగ్గరికి వచ్చింది. ఇద్దరూ వంటింట్లో గుసగుసలాడుకుంటుంటే నేను తలుపు చాటున నిలబడి విన్నాను. "ఇప్పుడు చెప్తే మన మొహాన ఊస్తారక్కా. పోయిందేదో పోయింది, ఊరుకుందాం," అంటోంది పిన్ని. మా అమ్మ ఏమీ అనలేదు. అంటే ఊరుకుంది. ఆ మర్నాటి నుంచి చంటివాడు చొక్కా లేకుండా వీధిలోకి రాలేదు.

నాకు అన్నం సయించడం మానేసింది. అమ్మవారి మహిమ అంది నాయనమ్మ.

మళ్ళీ బడులు తెరిచాక ఒక రోజు, మధ్యాహ్నం బడి నుంచి ఒంటరిగా ఇంటికి వస్తున్నాను. ఎండ తీవ్రంగా ఉంది. చర్చి మలుపు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు సగం మాయమైంది. నా కాళ్ళు ఎక్కడో కింద, బావిలో ఉన్నట్టు కనపడ్డాయి. ఒక ప్రహరీ పట్టుకుని కూలబడ్డాను. పలకా పుస్తకాలూ దుమ్ములో పడ్డాయి. ఎవరో నన్ను రెండు చేతులతో ఎత్తుకున్నారు. ముఖం కనపడలేదు గానీ, సున్నం వాసన తెలిసింది. పారిపోవాలనిపించింది. కానీ ఒంట్లో సత్తువ లేదు.

సున్నాలక్క నన్ను వాళ్ళింట్లోకి తీసుకుపోయి, తలుపు దగ్గరికి వేసి, కిటికీకి గోనెపట్టా కట్టింది. చాప మీద పడుకోబెట్టి, తడిగుడ్డ నా కళ్ళ మీద వేసింది. "కళ్ళు గట్టిగా మూయమాక, వదులుగా పెట్టు," అంది. వాంతి అయితే తానే ఎత్తిపోసి, కుండలో నీళ్ళు గ్లాసుతో ఇచ్చింది. వాళ్ళింట్లో నీళ్ళు ముట్టకూడదని మా ఇంట్లో కట్టడి. నేను తాగాను. మళ్ళీ అడిగి ఇంకో గ్లాసు తాగాను.

కాస్త తేరుకున్నాక ఆమె నన్ను అడిగింది, "ఏం కనపడిద్ది నీకు?"

నేను చెప్పాను, మొదట అందరికీ చెప్పినట్టే, తెల్లగా అని. ఆమె ఊ కొట్టి ఊరుకుంది. తర్వాతేమిటో నేను చెప్పేదాకా ఆగింది. రంగు ఉంటుందా అనలేదు, మనుషులుంటారా అనలేదు. నేను ఖాళీ గురించి చెప్పాను, రంపపు పళ్ళ గురించి చెప్పాను, చెయ్యి పెద్దదవడం గురించి చెప్పాను. అంతవరకూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అంతసేపు వినలేదు. నేను ఆగిన చోటల్లా ఆమె కూడా ఆగింది. ఒక్క మాటా అందించలేదు.

అంతా విన్నాక అంది, "మా అమ్మక్కూడా అచ్చం ఇట్టాగే వచ్చేది. ముందు మెరుపులు, తర్వాత తలకాయనొప్పి. చానా ఏళ్ళు పడింది. అది దేవుడూ కాదు, దెయ్యమూ కాదు. వచ్చినప్పుడు చీకట్లో పడుకో, సరిపోద్ది."

నేను తడిగుడ్డ కిందే ఏడ్వడం మొదలుపెట్టాను. ఆమె ఊరుకోమని అనలేదు. కొంచెంసేపటికి, గోడ వైపు చూస్తూ అడిగినట్టు నెమ్మదిగా అడిగింది, "ఆ రోజు నా చేతులు కనపడినయ్యా అమ్మా నీకు?"

"లేదు," అన్నాను.

"మరేం కనపడింది?"

"మెరుపులే."

"అయితే మెరుపులు కనపడినయ్ అని చెప్పాల. అంతవరకే చెప్పాల. ఆపైన చెప్పావనుకో, అది నీ కళ్ళు చెప్పింది కాదుగా."

అంతే. తిట్టలేదు. వచ్చి అందరి ముందూ చెప్పమని అడగలేదు. మొలతాడు దొరికిందని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ చెబితే మా అమ్మ కూడా దోషి అవుతుందని భయపడ్డాను. చెప్పలేదు. ఆమె నా పలకను కొంగుతో తుడిచి, పుస్తకాలు సర్ది, ఎండ తగ్గాక నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

మా అమ్మ గడపలోనే ఉంది. నన్ను లాక్కుని ఒళ్ళంతా తడిమింది. సున్నాలక్క మెట్టు కిందే ఆగి, "రోడ్డు మీద పడిపోయిందమ్మా, కాసేపు పడుకోబెట్టాను," అంది. మా అమ్మ ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగి తగ్గు గొంతుతో అడిగింది, "ఏమే, వాళ్ళింట్లో ఏమన్నా తాగావా?"

సున్నాలక్క వింటోంది. నేను ఆమె వైపు చూడకుండా, "లేదు," అన్నాను.

నా జన్మలో నేను ఆడిన అబద్ధాల్లో అది అన్నిటికన్నా చిన్నది. అన్నిటికన్నా హీనమైనదీ అదే. ఆమె ఇచ్చిన నీళ్ళు ఇంకా నా కడుపులో ఉన్నాయి. కనపడినంతవరకే చెప్పాలని ఆమె చెప్పి ఒక పూటైనా కాలేదు. తలెత్తి చూసేసరికి ఆమె మా వీధి మలుపు దాటుతోంది.

నాలుగు రోజుల తర్వాత పై వీధి ఆయన ఒకాయన గేదె తప్పిపోయిందని మా ఇంటికొచ్చాడు. నాకు తలనొప్పి లేదు, మెరుపులు లేవు. అయినా నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. వీధిలో వాళ్ళంతా మళ్ళీ చేరారు. చంటివాణ్ణి ఎత్తుకుని పిన్ని కూడా వచ్చింది. "ఏం కనపడతంది?" అని అడిగారు.

"ఏమీ కనపడటంలేదు," అన్నాను. "ఆ రోజు కూడా చేతులు కనపడలేదు. సున్నాలక్క చేతులు నేను చూడలేదు. మొలతాడు బొంతలో దొరికింది, వాడి చొక్కా కింద ఉంది. వాళ్ళింట్లో నీళ్ళు కూడా తాగాను."

మా అమ్మ నన్ను చెంప మీద కొట్టింది. నాయనమ్మ నెత్తి బాదుకుంది. పిన్ని చంటివాణ్ణి గుండెకు అదుముకుని నిలబడి, ఉన్నట్టుండి భోరుమంది. గేదె ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా నాన్న సైకిలు తీసుకుని, నన్ను ముందు కూర్చోబెట్టుకుని పేటకు వెళ్ళాడు. ఆమె ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ముసలమ్మ చెప్పింది, మొగుడూ పెళ్ళామూ మూడు రోజుల కిందటే పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల్లో పనికి వెళ్ళారని. "ఈడ ఎవురూ పన్జెప్పకపాయె, ఏం జేస్తారు?" అంది. మా నాన్న తల వంచుకున్నాడు. తర్వాత రెండుసార్లు బట్టీల వైపు వెళ్ళినప్పుడు వాకబు చేశాడు గానీ, ఆచూకీ దొరకలేదు.

ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ చూసి చెప్పమనలేదు. నాకది శిక్షలా అనిపించలేదు. పెద్దయ్యాక నరసరావుపేటలో ఒక డాక్టరు ఆ మెరుపుల గురించి చెప్పిందీ, సున్నాలక్క చెప్పిందీ దాదాపు ఒకటే. అది ఒక రకం తలనొప్పి, కొన్ని కుటుంబాల్లో వస్తుంది, చీకటి గదిలో పడుకోవాలి. మందు ఒక్కటే ఆయన అదనంగా రాసిచ్చాడు.

నేను ముప్ఫయ్యేళ్ళు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను. క్లాసులో పెన్ను పోయిందనో, ఎవరో కొట్టారనో పిల్లలు వచ్చినప్పుడు, ఏం జరిగిందని అడిగి ఊరుకునేదాన్ని. వాడేనా, వీడేనా అని పేరు అందించేదాన్ని కాదు. పిల్ల ఆగితే నేనూ ఆగేదాన్ని. తోటి టీచర్లు విసుక్కునేవాళ్ళు, దీనికింతసేపా అని. మొన్న మా అపార్టుమెంటు కింద స్కూటరు మీద ఒక కుర్రాడు ఎవరినో గుద్దేసి పోయినప్పుడు, వాడి ముఖం చూశారా అని అక్కడ చేరినవాళ్ళు నన్ను అడిగారు. పచ్చ చొక్కా చూశాను, ముఖం చూడలేదు అన్నాను. ఇంకొంచెం గుర్తు చేసుకోండి మేడమ్ అన్నారు. గుర్తు చేసుకోవడానికి ఏమీ లేదు, చూడలేదు అన్నాను.

దీన్ని జనం నా మంచితనం అనుకుంటారు. కాదు. పదేళ్ళ వయసులో ఒక మనిషి పొట్ట కొట్టి, ఆమె చేతి నీళ్ళు తాగి, ఆమె ముందే తాగలేదన్నాను. నిజం చెప్పే ధైర్యం వచ్చేసరికి వినాల్సిన మనిషి ఊళ్ళో లేదు. ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. ఆ మాట అడగాలంటే నేను ఒక్క మెట్టు దిగితే చాలిన రోజు ఒకటి ఉండింది. ఆ రోజు నేను తలొంచుకుని గడప లోపలే నిలబడ్డాను.