బాగున్న బడి ఎప్పుడూ పక్కదే

మా తక్కెడత్తకి ఎదురుగా ఉన్నది ఏదీ ఎప్పుడూ నచ్చేది కాదు. బాగున్నది ఎప్పుడూ ఇంకోచోటే ఉండేది. మీ ఇంట్లో కాఫీ తాగుతూ పక్కింటి కాఫీని పొగిడేది. ఆ పక్కింటికెళ్ళి మీ కాఫీని పొగిడేది. మా నాన్నకి చెల్లెలు కాబట్టి నాకు మేనత్త. దేన్నయినా ఇంకోదానితో తూచందే ఊరుకోదు కాబట్టి ఊరందరికీ తక్కెడత్త.

తన పెళ్ళిలో ఫొటో తీసేవాడు "కాస్త నవ్వండమ్మా" అంటే, "మా స్నేహితురాలి పెళ్ళికొచ్చినవాడు అడక్కుండానే నవ్వించాడు" అందట. ఒకసారి పంటి డాక్టరు పన్ను పీకి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "మా వదినకి పీకింది దీనికన్నా తెల్లగా ఉంది" అంది.

"పన్ను మీదేనమ్మా, నాది కాదు!" అన్నాడు ఆయన.

ఇలాంటి మనిషి చేతికి జిల్లా గోదాం నుంచి బడులకి పుస్తకాలు చేరవేసే వ్యాను ఇచ్చారు. మా చుట్టుపక్కల ఉన్నవి మూడే ప్రభుత్వ హైస్కూళ్ళు: మిల్లు బడి, రైలుగేటు బడి, కొండ బడి. వ్యాను హారన్ వినబడితే చాలు, మూడుచోట్లా హెడ్మాస్టర్లకి చెమటలు పట్టేవి.

"ఏం సారూ, మీ నల్లబల్ల ఇలా తెల్లబోయింది? కొండ బడిలో బల్లని చూసుకుని జడ వేసుకోవచ్చు."

"అయితే ఈ పుస్తకాలు కూడా అక్కడే దింపుకోండి!"

"దింపేదాన్నే. అక్కడి బీరువాలు నిండిపోయాయి. అవి మీ బీరువాలకన్నా పెద్దవి కూడానూ."

ఇదంతా నాకు వినోదంగానే ఉండేది, మా అమ్మాయి ఏడో తరగతి పాసయ్యేదాకా. మా ఊరి బడి అక్కడితో ఆగిపోతుంది. ఆపైన చదవాలంటే ఆ మూడింట్లో ఒకటి. మరుగుదొడ్డికి తలుపు లేక ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసిన ఆడపిల్లలు మా వీధిలోనే ఉన్నారు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా కూర్చోమంటే ఏ పిల్ల కూర్చుంటుంది? దీనికి పెద్దమనుషులు పెట్టిన పేరు "చదువు మీద ఆసక్తి లేకపోవడం".

మా ఆయన తేల్చి చెప్పేశాడు. "తలుపు లేని బడికి పంపను. పట్నంలో మా అక్క ఇంట్లో పెట్టి చదివిద్దాం."

పిల్ల బావురుమంది. "అక్కడ వద్దమ్మా! ఆ ఇంట్లో దగ్గాలన్నా అత్తని అడగాలి."

బడుల సంగతి తక్కెడత్తకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అడిగాం.

"ఇంకా ఆలోచనేమిటే? మిల్లు బడికి వెళ్ళు. ఆడపిల్లల దొడ్లకి తలుపులు, లోపల గడియలు. గడియ వేస్తే ఏనుగొచ్చినా ఊడదు" అంది.

మర్నాడే తల్లీకూతుళ్ళం మిల్లు బడికి వెళ్ళాం. గడియ సంగతి దేవుడెరుగు, తలుపే లేదు. ఓ గోనెపట్టా గాలికి ఊగుతోంది. హెడ్మాస్టరు మా మొహాలు చూసి నొచ్చుకున్నాడు.

"కొండ బడిలో ఎప్పుడో పెట్టేశారట కదమ్మా! మీ మేనత్తగారు వచ్చినప్పుడల్లా ఆ మాటే. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి మేమూ తలుపులు సాధించాం. అవిగో, గోడకి ఆనించి ఉన్నాయి. వడ్రంగే దొరకడం లేదు."

కొండ బడికి వెళ్ళాం. నిజమే, తలుపులున్నాయి, ఇంకా రంగు వాసన పోలేదు. అక్కడి హెడ్మాస్టరమ్మ సిగ్గుపడుతూ, "అందరికన్నా వెనక మేమే. రైలుగేటు వాళ్ళు మాకన్నా ముందే బిగించారట" అంది.

నాకు అనుమానం మొదలైంది. "రైలుగేటుకి కూడా వెళ్దామా?" అంటే నాకన్నా ముందు పిల్ల ఆటో ఎక్కింది. అక్కడ మరుగుదొడ్ల గోడలే ఇంకా నడుము ఎత్తుకి లేచాయి. మేస్త్రీని తొందరపెడుతున్న హెడ్మాస్టరు, "మిల్లు బడిలో గడియలు కూడా పెట్టారట, మనమే ఇలా తగలడ్డాం" అని వాపోయాడు.

సాయంత్రం అత్తని గుమ్మంలోనే పట్టుకున్నాను. "మూడు బడులకీ మూడు అబద్ధాలా అత్తా?"

"ఒకటేనే, మూడుచోట్ల చెప్పాను. మీ బడి బాగాలేదంటే నిధులు లేవంటారు. పక్కబడి బాగుందంటే మాత్రం అన్నం సయించదు. ఎక్కడినుంచి తెస్తారో, తెస్తారు."

"మరి మాతో ఎందుకు చెప్పావు? మేమేం బడి నడుపుతున్నామా?"

"మిల్లు బడిలో ఆ తలుపులు గోడకి ఆనించి ఎన్నాళ్ళయిందో తెలుసా? నేను అరిస్తే వ్యానమ్మ గొడవలే అని వదిలేస్తున్నారు. పిల్లని వెంటబెట్టుకుని తల్లి వచ్చి గడియ ఏదని అడిగితే వదిలేస్తారా? అందులోనూ నీ నోరు నాకు తెలియదూ!"

నా నోరు వృథా పోలేదు. మర్నాడు మా వీధి తల్లులందరినీ వెంటబెట్టుకుని మిల్లు బడికి బయల్దేరాను. "వడ్రంగి లేడట కదా, పదండి" అంటూ మా ఆయన కూడా స్క్రూడ్రైవరు తీసుకుని వెంట వచ్చాడు. మొదటి తలుపు వంకరగా బిగించాడు. "రెండోది దీనికన్నా బాగా వస్తుందిలే" అని వ్యాను వేసుకొచ్చిన అత్త ధైర్యం చెప్పింది. వచ్చింది కూడా.

పిల్ల లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. బయట ఇంతమందిమి తలుపు వైపు చెవులు రిక్కించాం. లోపల గడియ తీసిన చప్పుడు, వేసిన చప్పుడు, మళ్ళీ తీసిన చప్పుడు.

"నాన్నా, నేను ఈ బడికే వస్తా!" అని లోపలినుంచే అరిచింది.

మా ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, "రేపే చేర్పిద్దాం, ముందు బయటికి రా" అన్నాడు.

హెడ్మాస్టరు మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు చెప్పండమ్మా, ఎలా ఉంది మా బడి?" అని అత్తనడిగాడు.

అత్త తలుపుని పైనుంచి కిందికి చూసింది. ఎప్పుడూ లేనిది, ఒక్క క్షణం తడబడింది.

"బాగానే ఉంది సారూ. కానీ రైలుగేటు బడిలో చేతులు కడుక్కోవడానికి కుళాయి కూడా పెడుతున్నారట."