పెట్టెలో వచ్చిన కడ్డీ

"అన్నా, నువ్వు తిప్పిచ్చిన ఇరుసు మీద బేరింగ్ చేత్తోనే జారిపోయింది. సుత్తి పనే పడలే" అన్నాడు మెకానిక్, గుమ్మంలో నిలబడి నవ్వుతూ. మా ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. నాకు భయం పుట్టింది అప్పుడే.

గీదంలో మాది లేత్ షాపు. వెనక గదుల్లోనే కాపురం. స్కూల్ వ్యాన్ వెనక ఇరుసు అరిగితే మా ఆయన వెల్డింగ్ పోసి, లేత్ మీద తిప్పి కొలతకు చెక్కి ఇచ్చాడు. దానిమీద బేరింగ్ సుత్తితో కొడితేగాని ఎక్కకూడదు.

"మరి ఏం చేశావురా?"

"ఏందన్నా అట్ల చూస్తవ్? చుట్టూ పంచ్ గాట్లు కొట్టిన, పట్టేసింది. రెండు రోజుల సంది బండి తిరుగుతనే ఉంది. వదినా, అన్నకు నీ కొత్త మైక్రోమీటర్ మీద నమ్మకం లేనట్టుంది!"

ఇరుసు వదులైతే గాట్లు కొట్టి బిగించడం ఈ రోడ్డు మీద అందరూ చేసేదే. గాట్ల అంచులు ఉబ్బి ఇచ్చే ఆ పట్టు ఎన్నాళ్ళో ఉండదు. తర్వాత చక్రం ఊడుతుంది. ఆ రెండు రోజులూ నా ఇద్దరు పిల్లలూ ఆ వ్యాన్‌లోనే వెళ్ళొచ్చారు.

మందం కొలిచే ఆ మైక్రోమీటర్ కొన్నది నేను. పాతది కింద పడి వంగిపోతే ఆయనే, "సైన్సు చదివావుగా, నువ్వే చూసి తెప్పించు" అన్నాడు. పేరున్న కంపెనీదే, ఆన్‌లైన్‌లో సగం ధరకు కనిపించింది. మెచ్చుకోళ్ళన్నీ చదివాను. అమ్ముతున్నది ఎవరో మాత్రం చూడలేదు. పెట్టె విప్పినప్పుడు పరీక్ష చీటీ మీద ఉన్న నంబరు పరికరం మీద లేదు. అది గమనించాను. ఆయన ముఖంలో సంతోషం చూసి నోరు మెదపలేదు.

ఆయన రోజూ పని మొదలుపెట్టే ముందు అదే పెట్టెలో వచ్చిన ఇరవై ఐదు మిల్లీమీటర్ల కడ్డీతో దాన్ని సరిచూసుకునేవాడు. రోజూ సరిగ్గానే చూపేది. ఇప్పుడు రాత్రి భోజనం వదిలేసి లేచి, పాత పరికరం తాలూకు కడ్డీ వెతికి తెచ్చి కొత్తదానిలో పెట్టాడు. ఇరవై ఐదు మీద ఆరు గీతలు ఎక్కువ చూపింది; గీతంటే మిల్లీమీటరులో నూరోవంతు. అంటే ఇరుసు అంత సన్నగా తెగిందన్నమాట.

"పరికరం, పెట్టెలో కడ్డీ, రెండూ దొంగవే. ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి" అన్నాడు. నా వైపు చూడలేదు. మెకానిక్ నవ్వడం మానేశాడు.

వ్యాన్ డ్రైవర్ ఉండేది అడవి లోపలి ఊళ్ళో. ఫోన్ కలవలేదు. పొద్దున ఆరింటికి బండి కదులుతుంది. మా వీధికి వచ్చేసరికి సగం నిండుతుంది. రాత్రి ఆ అడవి దారిన వెళ్ళడం కుదరక, తెల్లవారుజామున ఆయనా మెకానిక్కూ బైక్ మీద బయల్దేరారు. నేను ఆ వ్యాన్ ఎక్కే పిల్లల తల్లుల్లో తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేస్తూ కూర్చున్నాను. ఒకామె అడిగింది: "మీ ఆయన చేసిన పనేగా?" అవునన్నాను.

ఆరు దాటాక, సిగ్నల్ దొరికే మిట్ట ఎక్కి ఆయన ఫోన్ చేశాడు. "బండి ఆపాం. చక్రం విప్పి చూశాం. గాట్లు ఒక్కటీ మిగల్లేదు. నున్నగా అరిగిపోయాయి."

పిల్లలు సంచులు తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళ ముందు కూర్చుని చెప్పాను.

"ఇవాళ వ్యాన్ రాదు. నాన్న చేసిన ఇరుసు తప్పొచ్చింది. అమ్మ కొన్న వస్తువు వల్ల వచ్చింది ఆ తప్పు. అది మంచిది కాదేమోనని అమ్మకు ముందే అనిపించింది, చెప్పలేదు. బడిలో ఎవరడిగినా ఇలాగే చెప్పండి."