ఫల్గుణ చెట్టు ఎవరెక్కుతున్నారు

అనుమానం ఫల్గుణకి పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. మోకాళ్ల నొప్పితో పాటే వచ్చింది. అంతకుముందు ఎవరేం చెప్పినా తలూపి నమ్మేసేవాడు. హుకుంపేట సంతలో తూకం వేసేవాణ్ని కూడా నమ్మిన మనిషి, ఇక చూసుకోండి.

వయసు నలభై ఆరు. ఊరు, హుకుంపేట దాటి జీపు దిగాక కొండెక్కి చేరాల్సిన ముప్పై గడపల గూడెం. పని, జీలుగు కల్లు తీయడం. జీలుగు చెట్టు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. తాడిలాగే నిటారుగా యాభై అడుగులు పెరుగుతుంది. దాని కాండానికి పొడవాటి వెదురుబొంగు కట్టి, కణుపుల దగ్గర కొమ్మల్ని జానెడేసి మిగిల్చి నరుకుతారు. ఆ మొదళ్లే మెట్లు. పొద్దునా సాయంత్రం ఎక్కాలి, గెల చివర కత్తితో పల్చగా గీయాలి, నిండిన కుండ దించి ఖాళీ కుండ కట్టాలి. నాలుగు రోజులు గీయకపోతే గెల ఎండిపోతుంది, ఆ ఏటికి కల్లు మాట మరిచిపోవాల్సిందే. ఫల్గుణ ఇరవై ఒకటో ఏట మొదలుపెట్టి ఇరవై అయిదేళ్లు ఎక్కాడు. జ్వరమొచ్చినా ఎక్కాడు, తండ్రి పోయిన రోజూ ఎక్కాడు.

ఇంకో మాట చెప్పకపోతే అతని బాధ మీకు అర్థం కాదు. ఆ గూడెంలో జీలుగు చెట్టుకి పట్టా ఉండదు. ఏ చెయ్యి గీస్తే చెట్టు ఆ చేతిది. ఒక సీజనంతా ఎవరు గీస్తారో, పై ఏడు కూడా చెట్టు వాళ్లదే. ఇందులో పెద్దమనుషులు కూర్చుని తేల్చేది ఏమీ లేదు. ఫల్గుణకి ఉన్నది ఒక్కటే చెట్టు. ఆ చెట్టు మీదే అతని పేరు, మర్యాద, సాయంత్రం పూట అరుగు మీద నలుగురు మనుషులు.

ఈ ఏడు పుష్యమాసంలో సగం చెట్టు ఎక్కాక కుడి మోకాలు బిగుసుకుపోయింది. పైకీ పోలేక, కిందికీ రాలేక గంటసేపు బొంగుని కరుచుకుని ఉండిపోయాడు. ఇద్దరు కుర్రాళ్లు ఎక్కి తాళ్లు కట్టి దించారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫొటో తీయించి, కీళ్లు రెండూ అరిగిపోయాయనీ, ఇంకోసారి చెట్టెక్కితే నడక మీద కూడా ఆశ వదులుకోవాలనీ చెప్పింది. ఆ సాయంత్రమే భార్య రత్న, తన తమ్ముడు సుక్రు వచ్చి సీజను అయ్యేదాకా చెట్టెక్కుతాడని చెప్పింది. ఫల్గుణ సరేనన్నాడు. అనక చేసేదేముంది?

సరేనన్న మర్నాటి నుంచే మొదలైంది పురుగు తొలచడం. బావమరిది సీజనంతా గీస్తే చెట్టు బావమరిదిదే కదా! పోనీ వెళ్లి చూద్దామంటే, చెట్టేమో కాఫీతోటల కింద పారే గెడ్డ, అంటే వాగు పక్కన ఉంది. పల్లంలోకి దిగాలి. మెట్ట ఎక్కడం ఎలాగోలా అవుతుంది గానీ, పల్లం దిగుతుంటే మోకాళ్లలో మేకులు దిగినట్టుంటుంది. అలా ఇరవై అయిదేళ్లు ఆకాశంలో తిరిగిన మనిషికి అరుగే లోకమైంది.

రత్న పొద్దునా సాయంత్రం వెళ్లేది, కుండ నెత్తిన పెట్టుకుని వచ్చేది. సుక్రు ఏడీ అంటే అటునుంచటే వాళ్ల ఊరు పోయాడనేది. ఒకరోజు పనన్నది, ఒకరోజు ఆవు ఈనిందన్నది. సాయంత్రం అరుగు మీద తాగేవాళ్లతో ఫల్గుణ, మా బావమరిది చెయ్యి బాగానే ఉందే అని వాళ్ల మొహాల్లోకి చూసేవాడు. వాళ్లు చేతిలో ఉన్న కల్లు సొరబుర్రలోకి చూసుకునేవారు. ఏదో ఉంది. వీళ్లందరికీ తెలుసు, తనకే తెలియదు.

ఒకసారి కల్లు వడగడుతుంటే గుడ్డలో గెల ముక్క ఒకటి మిగిలింది. తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. ఉల్లిపొరంత పల్చగా ఉంది. సుక్రు మోటు మనిషి, వాడు గీస్తే వేలెడు మందాన దిగుతుంది. ఈ కోత వాడిది కాదు. మరెవరిది?

వారం తిరక్కుండానే హుకుంపేటలో కొట్టు నడిపే వరహాలు మిరియాలు కొనడానికి గూడెం వచ్చాడు. మైదానం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు, మాటకారి. మాటల మధ్యలో, మీ బావమరిది పదిహేను రోజులుగా అరకులో హోటల్లో పని చేస్తున్నాడు కదా, మొన్నే కనబడ్డాడు అన్నాడు. ఫల్గుణకి నిరుటి సంగతి గుర్తొచ్చింది. నిరుడు ఇదే వరహాలు, టూరిస్టులకి అమ్ముకుంటాను, చెట్టు నాకు గుత్తకివ్వమని అడిగాడు. కుదరదన్నాడు తను. ఇప్పుడు మనిషిని పెట్టి ఎక్కిస్తున్నాడేమో. రత్నకి తెలియకుండా ఇది జరుగుతుందా? ఛీ, రత్న అలాంటిది కాదు. కాదా? మరి తమ్ముడి పేరు చెప్పి అబద్ధమాడటమెందుకు?

ఇంతవరకూ చెట్టు గురించే. తర్వాత జరిగింది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. రత్న స్నానం చేసి చీర సర్దుకుంటుంటే మెడ కింద, ఛాతీ మీద ఎర్రటి గీతలు కనబడ్డాయి. ఫల్గుణ చూశాడని గమనించి చప్పున కప్పుకుంది. అంతే, ఆ పూట అతనికి అన్నం దిగలేదు. ఇద్దరు బిడ్డలు పుట్టిన ఇంట్లో, పాతికేళ్లు కాపురం చేసిన మనిషి మీద, అరుగు మీద కూర్చుని ఏమేమి ఊహించుకున్నాడో ఆ కొండదేవతకే తెలియాలి.

మర్నాడు రత్న కాఫీతోటలో కలుపుకి వెళ్లగానే కర్ర పట్టుకుని బయల్దేరాడు. సాయంత్రం కోతకి ముందే చేరి, చాటున కూర్చుని, వచ్చేవాడెవడో కళ్లారా చూడాలి. రాయి కనబడితే రాయి పట్టుకుని, మొక్క కనబడితే మొక్క పట్టుకుని దిగాడు. బాట మరీ వాలుగా ఉన్నచోట నేల మీద కూర్చుని పసిపిల్లాడిలా జరిగాడు. రెండుచోట్ల నొప్పికి కళ్లనీళ్లు తిరిగాయి, ఒకచోట బూతులు కూడా తిట్టాడు, ఎవర్నో అతనికే తెలియదు. ఒకప్పుడు పావుగంటలో దిగిన దారికి రెండు గంటలు పట్టింది. గెడ్డ దగ్గర కాఫీమొక్కల వెనక చతికిలబడి కాచుకుని కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా రత్న వచ్చింది. ఒక్కతే. ఫల్గుణ ఆమె వెనక దారికేసి చూశాడు. ఎవరూ రాలేదు. రత్న చీర పైకి దోపుకుంది, కత్తి నడుముకి చెక్కుకుంది, ఖాళీ కుండ తాడు భుజాన వేసుకుని వెదురుబొంగు మీద కాలు పెట్టింది.

ఆ గూడెంలో ఆడది జీలుగు చెట్టెక్కడం ఫల్గుణ వినలేదు, కనలేదు. అరుద్దామనుకున్నాడు. పైనున్న మనిషిని ఉలికిపెడితే ఏమవుతుందో తెలుసు గనక ఊపిరి బిగబట్టాడు. ఆమె ఛాతీ కాండానికి ఆనించి రాసుకుంటూ పైకి పోతోంది. అప్పుడు వెలిగింది అతనికి. ఆ గీతలే తన ఛాతీ మీద ఇరవై అయిదేళ్లుగా ఉన్నాయి. రోజూ చూసుకునేవే. ఆడదాని ఒంటి మీద కనబడేసరికి పోల్చుకోలేకపోయాడు.

పైన రత్న గెల గీసింది, కుండ మార్చింది, దిగడం మొదలుపెట్టింది. నేల ఇంకా రెండు నిలువులు ఉందనగా ఆగింది. ఒక చేత్తో బొంగు పట్టుకుని, పక్కకి తిరిగి, మోకాళ్లు వంచి, కింద చదునైన చోటు చూసుకుంటోంది.

ఆ తిరగడం ఎవరిదో ఫల్గుణకి బాగా తెలుసు. అది తనదే. పడుచుతనంలో చివరి నిలువులు దిగేవాడు కాదు, కుండతో సహా దూకేవాడు. చుక్క ఒలికేది కాదు. రత్న అతన్ని మొదట చూసింది అలా దూకుతుండగానే. ఆ తర్వాత దిగే అలవాటే పోయింది. ఎప్పుడైనా చెట్టు మీంచి పడ్డావా అని డాక్టరమ్మ అడిగినప్పుడు, ఒక్కసారీ పడలేదని గర్వంగా చెప్పాడు. దూకిన సంగతి ఆమె అడగలేదు, తను చెప్పలేదు. రోజుకి రెండుసార్లు, ఇరవై అయిదేళ్లు.

"దూకకు రత్నా," అన్నాడు మొక్కల చాటు నుంచి, గొంతు పెంచకుండా. "ఒక్కో కణుపూ దిగు. నా కాళ్లు పోయింది అలాగే."

రత్న అటు చూసింది. తర్వాత ఒక్కో కణుపూ దిగింది.

నేల మీద నిలబడి ఆమె చెప్పింది వినండి. సుక్రు రెండురోజులే ఎక్కాడట. పైకి పోయాక కళ్లు తిరుగుతున్నాయని చెప్పి అరకు పోయాడట. గెల ఎండిపోతుందని తను ఎక్కిందట. గూడెంలో అందరికీ తెలుసట, చెప్పొద్దని తనే బతిమాలుకుందట.

"నాకు సెప్పలేదేటి?"

"సెప్తే ఊరుకుంటావా? పాక్కుంటా వచ్చి ఎక్కీసేవోడివి. నువ్వు అక్కడే పోతే నానేటి సేసీది?" అంది. ఆగి, "నువ్వేటి సూడ్డానికొచ్చినావు? సుక్రు కోసమా, ఇంకెవడి కోసమైనానా?" అని అడిగింది.

ఫల్గుణ నేల చూశాడు. ఆ చూపుతో ఆమెకి అర్థమైపోయింది. పైట సర్దుకుని, కుండ నెత్తిన పెట్టుకుని మెట్ట దారి పట్టింది.

కర్ర ఊతంగా లేచి అతను వెనకే నడిచాడు. పది అడుగులు పోయి ఆమె కుండ దించి రాయి మీద కూర్చుంది. వెనక్కి మాత్రం చూడలేదు. అతను దగ్గరికొచ్చేదాకా కూర్చుని, రాగానే లేచి మళ్లీ పది అడుగులు పోయింది. మళ్లీ కూర్చుంది.

మూడోసారి ఆయాసపడుతూ ఆమెని అందుకుని, ఫల్గుణ అన్నాడు. "సెట్టు నీదే. పై ఏడూ నీదే. రేపు అందరిలో నానే సెప్తాను."

"సెట్టు సంగతి నానడగలేదు," అంది రత్న.

ఫల్గుణ కర్ర మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. ఆ గీతలు చూసి తను ఏమనుకున్నాడో, ఎవరెవర్ని అనుకున్నాడో, ఒక్కటీ దాచకుండా, వరహాలు పేరుతో సహా చెప్పేశాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆమె మొహం తిప్పకుండా అంతా విన్నది. విని లేచి, కుండ నెత్తిన పెట్టుకుని, మరో పది అడుగులు పోయి, అతని కోసం కూర్చుంది.